ఫలశ్రుతిలోని మహిమ, వినయబోధ: పురుషభేద దృష్టితో కొన్ని కళింగాంధ్ర సాక్ష్యాల పరిశీలన

భగవద్గీత 11వ అధ్యాయం 33వ శ్లోకంలో కృష్ణుడు అర్జునునికి రెండు ఆదేశాలు ఇస్తాడు. లేచి కీర్తిని పొందమనీ, శత్రువులను గెలిచి సమృద్ధమైన రాజ్యాన్ని అనుభవించమనీ ఒకటి. వీరంతా తనచేత ముందే హతులైనవారు, నీవు నిమిత్తమాత్రుడవు కమ్మని మరొకటి. శ్లోకం ఒకటే, శ్రోత ఒకడే. నిమిత్తమాత్రునికి కీర్తి ఎలా దక్కుతుంది? కీర్తి దక్కేవాడు నిమిత్తమాత్రుడు ఎలా అవుతాడు? ఈ ప్రశ్న గీతకు మాత్రమే పరిమితమైనది కాదు. పురాణం చదివినవారికి, విన్నవారికి రాజ్యం, యశస్సు, సంతానం, ఇంద్రపదవి లభిస్తాయని ఫలశ్రుతులు చెబుతాయి. అవే పురాణాలు గర్వించినవారి పతనాన్ని కథలు కథలుగా వర్ణిస్తాయి. గీత 13వ అధ్యాయం జ్ఞానలక్షణాల పట్టికను అమానిత్వంతో, అంటే తనను తాను గొప్పగా తలచకపోవడంతో, ప్రారంభిస్తుంది. గొప్పతనాన్ని ఆశ చూపే గ్రంథమే గొప్పతనాన్ని కోరవద్దని చెప్పడం పైకి కనిపించే వైరుధ్యం.

దీనికి సంప్రదాయంలో ప్రసిద్ధమైన సమాధానాలు మూడు ఉన్నాయి. మొదటిది కాలక్రమాన్ని ఆశ్రయించినది: వినయం ఇప్పుడు, మహత్త్వం తరువాత. రెండవది విషయభేదాన్ని ఆశ్రయించినది: వాగ్దానం చేసింది లౌకికమైన గొప్పతనం కాదు, ఆధ్యాత్మికమైనది. మూడవది ప్రరోచన సిద్ధాంతం. ఫలశ్రుతి పరమశ్రేయస్సును చెప్పేది కాదనీ, మందు మింగించడానికి ముందుగా చూపే తీపి వంటిదనీ సంస్కృత భాగవతం ఏకాదశ స్కంధం 21వ అధ్యాయమే స్పష్టంగా ఒప్పుకొంటుంది. తన ఫలశ్రుతులను తానే ఈ విధంగా వ్యాఖ్యానించుకొనే గ్రంథం అరుదు.

ఈ మూడింటిలో ఏదీ సమస్యను పూర్తిగా తీర్చదు. కాలక్రమ సమాధానం వినయాన్ని పెట్టుబడిగా మారుస్తుంది. రేపటి సింహాసనం కోసం నేడు వంగే తల వినయంతో వంగిందని చెప్పడం కష్టం. విషయభేద సమాధానానికి గ్రంథపాఠమే అడ్డు. కృష్ణుడు చెప్పిన రాజ్యం భూమి మీది రాజ్యమే. ప్రరోచన సిద్ధాంతం నిజాయతీ గలదే, కానీ అది శాస్త్రాన్ని పిల్లలను బుజ్జగించే తల్లి స్థానంలో నిలుపుతుంది. పెద్దవాడైన పాఠకుడు తీపి వెనుక మందు ఉందని తెలుసుకొన్నాక ఆ వాగ్దానానికి మిగిలే అర్థం ఏమిటో చెప్పదు.

ఈ వ్యాసం సమస్యను మరొక వైపు నుంచి, వ్యాకరణం వైపు నుంచి, చూస్తుంది. తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో వాడు, అది అనేవి ప్రథమ పురుష. నీవు మధ్యమ పురుష. నేను ఉత్తమ పురుష. మహత్త్వ వాగ్దానం ఏ పురుషలో ఉన్నది, వినయం ఏ పురుషలో ఉన్నది అని ప్రశ్నిస్తే వైరుధ్యం స్వరూపం మారుతుంది. ఫలశ్రుతి దాదాపు ఎల్లప్పుడూ ప్రథమ పురుషలోనే ఉంటుంది: ఎవడు వింటాడో వాడు పొందుతాడు. వరం మధ్యమ పురుషలో ఉంటుంది: నీవు పొందుతావు. శరణాగతి ఉత్తమ పురుషలో ఉంటుంది: నాకు వేరే దిక్కు లేదు. ఈ స్థానాలు తారుమారైనప్పుడే దోషం పుడుతుంది. వాగ్దానాన్ని ఉత్తమ పురుషలోకి తెచ్చుకొంటే అది గర్వం. వినయాన్ని మధ్యమ పురుషలోకి నెట్టితే, అంటే ఎదుటివానిని వినయంగా ఉండమని శాసిస్తే, అది మరొకటి అవుతుంది. ఆ మరొకటి ఏమిటో వ్యాసం చివరిభాగంలో తెలుస్తుంది.

మీమాంసకుల ఒక సూక్ష్మాంశం ఇక్కడ ఉపకరిస్తుంది. స్వర్గకాముడు యాగం చేయాలనే విధిలో యాగమే విధేయం, కామం విధేయం కాదు. స్వర్గాన్ని కోరమని వేదం ఎవరినీ ఆజ్ఞాపించదు. కోరేవాడు ఉంటే వానికి అధికారం ఉందని మాత్రమే చెబుతుంది. ప్రథమ పురుషలో చెప్పిన ఫలం శ్రోతను కోరికకు బద్ధుణ్ణి చేయదు. గీత 2వ అధ్యాయం నిందించిన పుష్పితవాక్కు వేదవాక్కు కాదు, ఆ వాక్కును పట్టుకొని అంతకు మించినది లేదని వాదించేవారి మాట. తప్పు పుట్టిన చోటు పాఠం కాదు, పాఠాన్ని సొంతం చేసుకొనే గొంతు.

శాసనాలలో మూడు గొంతులు

ఈ వివేచనను పురాణాలలో కంటే ముందు శాసనాలలో పరీక్షించడం మేలు. పురాణానికి వక్త ఎవరనేది చిక్కు ప్రశ్న. శాసనానికి దాత ఉంటాడు, పేరు ఉంటుంది, భూమికి ఎల్లలు ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాలో వంశధార ఒడ్డున ఉన్న ముఖలింగాన్ని ప్రాచీన కళింగనగరంగా పలువురు చరిత్రకారులు గుర్తించారు. కళింగనగరం నుంచి వెలువడిన తొలి తూర్పుగాంగుల తామ్రశాసనాలలో రాజప్రశస్తి దాదాపు స్థిరమైన అచ్చులో సాగుతుంది. మహేంద్రగిరి శిఖరాన వెలసిన గోకర్ణస్వామి పాదపద్మాలకు మొక్కి కలికల్మషాన్ని పోగొట్టుకొన్నవాడు, తన కత్తి అంచుతో సకల కళింగాధిరాజ్యాన్ని సంపాదించినవాడు, మొక్కుతున్న సామంతుల శిరోరత్నకాంతులు పాదాలకు రంగు పూసినవాడు, తల్లిదండ్రుల పాదాలను ధ్యానించేవాడు అని ఆ రాజు వర్ణితుడవుతాడు.

ఒకే సమాసమాలికలో రాజు దేవుని పాదాల దగ్గర వంగుతాడు, సామంతులు రాజు పాదాల దగ్గర వంగుతారు. వంగడం ఇక్కడ మెట్లదారి. పైమెట్టుకు చేసే ప్రతి నమస్కారం కిందిమెట్టు నుంచి నమస్కారం అందుకొనే హక్కును బలపరుస్తుంది. 13వ శతాబ్దంలో మూడవ అనంగభీముడు తనను పురుషోత్తముని రౌతుగా చెప్పుకొన్నప్పుడు ఈ తర్కం పరాకాష్ఠకు చేరింది. రాజ్యం దేవునిది, రాజు ఆయన కొలువులోని సేవకుడు. అప్పుడు రాజును ధిక్కరించడం దేవుణ్ణి ధిక్కరించడమే. జగన్నాథ సంప్రదాయానికీ రాజాధికారానికీ ఉన్న బంధాన్ని పరిశీలించిన హెర్మన్ కుల్కే వంటి చరిత్రకారులు ఇటువంటి దాస్యప్రకటనలో అధికార సమర్థనను చూశారు. ఆ దృష్టిని కాదనడానికి కారణం లేదు. అయితే శాసనాన్ని ప్రశస్తి దగ్గరే ఆపివేస్తే సగమే చదివినట్లు.

ప్రశస్తి యావత్తూ ప్రథమ పురుషలో ఉంటుంది. రాజు తన కత్తిని గురించి తాను చెప్పుకోడు, శాసనకవి చెబుతాడు. దానశాసనాల చివర వచ్చే ధర్మశ్లోకాలలో గొంతు మారుతుంది. సగరుడు మొదలైన ఎందరో రాజులు భూమిని దానం చేశారనీ, ఏ కాలంలో ఎవరి చేతిలో భూమి ఉంటే ఆ కాలంలో ఆ ఫలం వారిదనీ చెప్పే శ్లోకం భారతదేశమంతటా కనిపిస్తుంది. గాంగుల శాసనాలలోనూ సుపరిచితం. దీనిని ఫలశ్రుతిగా చదివినప్పుడు ఒక ఆశ్చర్యం ఎదురవుతుంది. ఈ ఫలశ్రుతి ఫలాన్ని దాతకు కట్టబెట్టదు, దాత చేతుల్లోంచి తీసివేస్తుంది. ఇచ్చినవాడు గతించాక పుణ్యం కాపాడినవానిది. మరికొన్ని శాసనాలలో ఇంకొక శ్లోకం తోడవుతుంది. తన వంశంలో పుట్టినవారైనా పరవంశంలో పుట్టినవారైనా ఈ ధర్మాన్ని పాలించే భావిరాజులకు తాను శిరస్సున దోసిలి ఘటిస్తున్నానని దాత అందులో అంటాడు. సామంతుల కిరీటకాంతులు పాదాల మీద పడ్డవాడే ఇంకా పుట్టని, బహుశా శత్రువంశంలో పుట్టబోయే, ఒకనికి మొక్కుతున్నాడు. ఈ మొక్కు ఉత్తమ పురుషలో ఉంది. గొప్పతనం వాడు అనే గొంతుతో, వినయం నేను అనే గొంతుతో ఒకే రాగిరేకు మీద నిలిచాయి.

ఈ దోసిలికి ప్రతిఫలంగా రాజుకు దక్కే అధికారం ఏమీ లేదు. పైమెట్టుకు చేసే నమస్కారానికి ఉన్న లాభం దీనికి లేదు. భావిరాజు ఆ దానాన్ని రద్దు చేస్తే ఈ రాజు చేయగలిగింది శూన్యం. తన శక్తికి హద్దు ఉన్నదని తెలిసినవాని వినయం ఇది. దీనిని ఆనవాయితీ మాటగా కొట్టివేయవచ్చు. కానీ ఒక నాగరకత ఏ మాటను ఆనవాయితీ చేసుకొన్నదనేది కూడా సాక్ష్యమే.

శ్రీకూర్మం ఇదే పరంపరలో మరొక విధమైన సాక్ష్యం ఇస్తుంది. అక్కడి శాసనాలు దక్షిణభారత శాసనాల సంపుటాలలో 5వ దానిలో అచ్చయ్యాయి. వాటిలోని 1281 నాటి శాసనం మధ్వాచార్యుల శిష్యుడైన నరహరితీర్థులకు సంబంధించినది. గాంగుల కాలంలో కళింగంలో పాలనభారం వహించిన ఈ సన్న్యాసి కూర్మనాథుని సన్నిధిలో యోగానంద నరసింహునికి ఆలయం కట్టించిన విషయం అందులో ఉంది. సన్న్యాసికి అధికారం ఏమిటనే ప్రశ్నకు మాధ్వసిద్ధాంతం ఇచ్చే సమాధానం నిక్కచ్చిగా ఉంటుంది. విష్ణువు ఒక్కడే స్వతంత్రుడు, జీవులందరూ పరతంత్రులు. పరతంత్రుని చేతిలోని అధికారం పదవిలో ఉన్నప్పుడైనా అతనిది కాదు. అదే సిద్ధాంతం మోక్షంలోనూ జీవులకు ఆనందతారతమ్యాన్ని చెబుతుంది. ప్రతి జీవికీ తన కొలతకు తగిన నిండుదనం ఉంది, ఆ కొలత తాను నిర్ణయించుకొన్నది కాదు. మహత్త్వానికీ వినయానికీ మధ్య వైరుధ్యమే రాకుండా కట్టిన దర్శనం ఇది. దాని మూల్యం కూడా తక్కువది కాదు. తారతమ్యాన్ని నిత్యం చేయడం వల్ల కిందివాడు కిందనే ఉండాలనే అర్థానికి తావిచ్చే ప్రమాదం అందులో ఉంది.

అష్టమ స్కంధం: ఒకే కథావలయంలో రెండు వినయాలు

శ్రీకూర్మ క్షేత్రదైవం కథ భాగవత అష్టమ స్కంధంలోనిది. తెలుగు భాగవతంలో పంచమ స్కంధం గంగనది, షష్ఠం సింగనది, చివరి రెండూ నారయవి కాగా అష్టమం పోతన చేతిదే. గజేంద్రమోక్షం, క్షీరసాగరమథనం, వామనచరిత్ర మూడూ ఈ ఒక్క స్కంధంలో ఉండడం యాదృచ్ఛికంగా తోచవచ్చు. మహత్త్వం, వినయం అనే ప్రశ్నతో చదివితే ఈ మూడూ ఒకే విచారణలోని మూడు ఘట్టాలు.

గజేంద్రుని పూర్వజన్మ కథ అందరికీ తెలిసినదే. ఇంద్రద్యుమ్నుడు అగస్త్యుణ్ణి చూచి లేవలేదు, ఏనుగై పుట్టాడు. యుద్ధకాండలో శ్రీరామునికి ఆదిత్యహృదయం ఉపదేశించి జయాన్ని వాగ్దానం చేసిన ఋషి కూడా అగస్త్యుడే. అరసవల్లి సూర్యనారాయణుని సన్నిధిలో ఆదిత్యహృదయం పారాయణ చేసే భక్తునికి ఈ సంబంధం గుర్తుకు రాకపోవచ్చు, కానీ పురాణలోకంలో అగస్త్యుడు వంగనివానిని వంచేవాడూ అలసినవానికి జయం చెప్పేవాడూ. అలసి చింతామగ్నుడై నిలిచిన రామునికి జయం మధ్యమ పురుషలో అందింది. గజేంద్రునికి రక్షణ అతని ఉత్తమ పురుష మొరకు బదులుగా అందింది. తన బలం మీద నమ్మకం పోయిన క్షణం వరకు ఆ మొర పుట్టలేదు.

మథనకథలో విషయం ఇంత సరళంగా లేదు. దేవతలు ఓడిపోయి విష్ణువును ఆశ్రయిస్తే ఆయన చెప్పిన ఉపాయం వినయమే. అసురులతో సంధి చేసుకోండి, వారు ఏది కోరితే దానికి ఒప్పుకోండి, కార్యం కోపంతో కాదు సామంతో నెరవేరుతుంది అంటాడు. ఎలుకతో స్నేహం చేసిన పాము న్యాయాన్ని కూడా ఉదాహరిస్తాడు. ఇది పనిముట్టుగా వాడే వినయమని విష్ణువు దాచలేదు. వాసుకిని పట్టే సందర్భంలో దాని ఫలితం కనిపిస్తుంది. విష్ణువు, దేవతలు ముందుగా తలవైపు పట్టుకొంటారు. తాము వేదాధ్యయనం, శాస్త్రజ్ఞానం ఉన్నవారమనీ, పుట్టుకతో, పనులతో ప్రసిద్ధులమనీ, పాము తోకను పట్టబోమనీ అసురులు పట్టుబడతారు. సంస్కృత మూలంలో ఈ వాక్యం ఉత్తమ పురుష బహువచనంలో ఉంది. విష్ణువు చిరునవ్వుతో తల వదిలి తోక పట్టుకొంటాడు. తలవైపు నిలిచినవారికి వాసుకి ముఖాల నుంచి వెలువడిన పొగ, మంటలు తగిలాయి.

గర్వానికి దండన, వినయానికి బహుమతి అని ఇక్కడితో కథను ముగించడం సులభం. భాగవతం ముగించలేదు. దేవతలకు అమృతం దక్కింది, యుద్ధంలో గెలుపూ దక్కింది. ఆ తరువాత శుక్రాచార్యుని వల్ల బ్రతికిన బలి విశ్వజిద్యాగం చేసి అమరావతి మీదికి వచ్చేసరికి అమృతం తాగిన దేవతలే వేషాలు మార్చుకొని పారిపోయారు. ఉపాయంగా వంగినందువల్ల వచ్చిన ఫలం ఉపాయం పనిచేసినంత కాలమే నిలిచింది. ఈ విషయాన్ని వ్యాఖ్యాతలు అంతగా పట్టించుకొన్నట్లు కనిపించదు. అమృతమథనాన్ని వామనచరిత్రతో కలిపి చదవకపోవడమే అందుకు కారణం కావచ్చు.

మథనకథలో నిజంగా కింద ఉన్నవాడు వేరు. మందరం మునిగిపోతుంటే కూర్మం దాని కిందికి చేరింది. తల ఎవరిది, తోక ఎవరిది అనే వాదం పైన జరుగుతుండగా కింద వీపు మీద కొండ తిరుగుతోంది. ఆ తిరుగుడు కూర్మానికి వీపు గోకినంత సుఖంగా ఉన్నదని భాగవతం చెబుతుంది. తాబేలు ఒక్క మాట కూడా మాట్లాడదు. దానికి ఉత్తమ పురుష లేదు. భారాన్ని త్యాగంగా లెక్క కట్టకపోవడం ఈ మౌనంలోని విశేషం. శ్రీకూర్మంలో ఆ రూపాన్నే ప్రధానదైవంగా కొలుస్తారు. మహత్త్వం అడుగున ఉన్నదని ఏ శాస్త్రవాక్యం కంటే ఆ అర్చామూర్తి ముందు చెబుతుంది.

వామనచరిత్రలో బలి పురుషలు మారుతూ సాగడం గమనించదగినది. మూడడుగులు అడిగిన వటువుతో మొదట, లోకాలకు ఏకైక ప్రభువునైన నన్ను మెప్పించి ఇంత తక్కువ అడగడం పసితనం అంటాడు బలి. తన దగ్గరికి వచ్చినవాడు మళ్లీ మరొకరిని యాచించవలసిన అవసరం ఉండరాదంటాడు. ఇది దాతృత్వమే, కానీ ఉత్తమ పురుషలో పలికిన మహత్త్వం. శుక్రుడు వారించినప్పుడు పోతన బలి ఇచ్చే సమాధానంలో కీర్తికాంక్ష దాగలేదు. రాజ్యాలు ఏలినవారు వెంట ఏమీ తీసుకొని పోలేదు, ఇచ్చినవారి పేరే నిలిచిందని అతని వాదం. లక్ష్మిని అంటిన విష్ణువు చేయి కింద ఉండగా తన చేయి పైన ఉండడమే గొప్ప అనే భావం కూడా ఆ సందర్భంలోనిదే. తెలుగువారు తరతరాలుగా మెచ్చుకొన్న ఈ ఘట్టం వినయఘట్టం కాదు. అత్యున్నతమైన గర్వం ఎంత అందంగా ఉండగలదో చూపే ఘట్టం. దానిని వినయానికి ఉదాహరణగా పాఠాలు చెప్పడం పోతనకు అన్యాయం.

రెండడుగులతో లోకాలు చెల్లిపోయి, వరుణపాశాలతో కట్టుబడిన తరువాత బలి గొంతు మారుతుంది. మూడవ అడుగు తన తలమీద పెట్టమంటాడు. అప్పుడు కూడా నరకానికి కాదు, అపకీర్తికే జంకుతానంటాడు. పూర్తిగా మారిపోయిన బలిని భాగవతం చూపదు. ఇంకా పేరును పట్టుకొని ఉన్నవానినే చూపుతుంది. అయినా తల అతనిదే, వంచినదీ అతడే. ఈ వంచడానికి ప్రతిఫలం ఉంటుందని అతనికి ఎవరూ చెప్పలేదు. గురువు శపించాడు, సంపద పోయింది. తాను అనుగ్రహించదలచినవాని సంపదను తానే హరిస్తానని విష్ణువు చెప్పేది తరువాత.

ఇంద్రపదవి వాగ్దానం అప్పుడు వస్తుంది. అది వచ్చిన తీరు ఈ వ్యాసానికి కీలకం. సంస్కృత మూలంలో విష్ణువు ఆ మాటను మొదట బలితో చెప్పడు, బ్రహ్మతో చెబుతాడు. ఇతడు సావర్ణి మన్వంతరంలో ఇంద్రుడవుతాడు, అంతవరకు సుతలంలో ఉంటాడు అని ప్రథమ పురుషలో అంటాడు. బలి వింటూ ఉంటాడు. ఆ తరువాతే అతనివైపు తిరిగి సుతలానికి వెళ్లమంటాడు. తన గొప్పతనం గురించి రెండవవారికి చెప్పబడుతున్న మాటను పక్కన నిలిచి విన్నవాని స్థితి బలిది. ఫలశ్రుతి వినే ప్రతి శ్రోత స్థితి కూడా ఇదే. వాగ్దానం చేసినవాడు గదాపాణియై సుతలద్వారం దగ్గర కాపలా నిలుస్తానని చెప్పడం ఈ కథలో చివరి తలకిందులు. ఇచ్చినవాడే ద్వారపాలకుడయ్యాడు.

పురుషభేదానికి ఒక అభ్యంతరం

ఈ ప్రతిపాదన మీద తెలుగు సాహిత్యమే బలమైన అభ్యంతరాన్ని లేవనెత్తుతుంది. అవతారికలలో కవి తనను తాను పొగడుకోడు. కృతిభర్త చేత పొగిడిస్తాడు. మనుచరిత్ర అవతారికలో కృష్ణరాయలు పెద్దనను హితుడనీ, మాటనేర్పరి అనీ, పురాణాలెరిగినవాడనీ, సాటిలేనివాడనీ మధ్యమ పురుషలో ప్రశంసిస్తాడు. ఆ ప్రశంసావాక్యాలను పద్యం చేసినది పెద్దనే. పురుష మారింది, గొంతు మారలేదు. అదేవిధంగా అల్పుణ్ణి, మందమతిని అనే ఉత్తమ పురుష వాక్యాలు ఆచారంగా పలికిన వినయాలే అయి ఉండవచ్చు. వ్యాకరణరూపం ఒక్కటే వినయానికి ప్రమాణమైతే కపటవినయానికి మించిన వినయం ఉండదు.

అభ్యంతరం న్యాయమైనదే. పురుషభేదం అవసరమైన లక్షణం, చాలినంత లక్షణం కాదు. దానికి తోడు చూడవలసినది నష్టం. మాట పలికినవాడు ఆ మాట వల్ల దేనిని కోల్పోవడానికి సిద్ధపడ్డాడు? తోక పట్టుకొన్న దేవతలు కోల్పోయింది లేదు. తల ఇచ్చిన బలి కోల్పోయాడు. భావిరాజులకు దోసిలి పట్టిన దాత తన దానం మీది హక్కును వదులుకొన్నాడు. పోతన స్థితి వీటి మధ్య ఆసక్తికరమైనది. నన్నయ తిక్కనాదులు భాగవతాన్ని తెలుగు చేయకుండా విడిచిపెట్టడం తన పూర్వపుణ్యఫలమని ఆయన తన అవతారికలో చెప్పుకొంటాడు. పలికించేవాడు రామభద్రుడంటాడు. మొదటి మాటలో తనకు దక్కిన మహావకాశం ఎంతటిదో బాగా ఎరిగిన కవి ఉన్నాడు. రెండవ మాటలో ఆ అవకాశం మీది కర్తృత్వాన్ని వదులుకొన్న కవి ఉన్నాడు. ఒకటి లేకుండా రెండవది చప్పనవుతుంది. తన పనికి విలువ లేదనుకొన్నవాడు దానిని రామునికి అప్పగించడంలో విశేషం ఏముంది? గీతాశ్లోకంలోని కీర్తి, నిమిత్తమాత్రత అనే జంట పోతన అవతారికలో తెలుగు రూపం దాల్చిందనవచ్చు.

అణకువ, అణచివేత

వినయం అనే సంస్కృతపదానికి నడిపించడం, శిక్షణ అనే మూలార్థాలున్నాయి. బౌద్ధుల వినయపిటకం క్రమశిక్షణ గ్రంథం. వంశధార తీరాన సాలిహుండం కొండమీది బౌద్ధవిహారాలలో ఒకప్పుడు ఆ అర్థమే నడిచి ఉంటుంది. తెలుగుపదం అణకువ వేరే దారిలో వచ్చింది. అణగు అకర్మకం, అణచు సకర్మకం. అణకువ, అణచివేత, అణగారినవారు అనే మాటలన్నీ ఆ ధాతుకుటుంబానివే. తనంత తాను అణగినవానికీ ఇతరుడు అణచినవానికీ బయటి భంగిమ ఒకటే. భేదం కర్త ఎవరన్నదానిలో ఉంది. ఎదిగినకొద్దీ ఒదగాలనే లోకోక్తి ఎదిగినవానికి చెప్పినది. ఎదగనివ్వనివానికి అదే మాట చెబితే దాని అర్థం తిరగబడుతుంది.

తెలుగు బైబిలులో లూకా సువార్త 14వ అధ్యాయం ఈ భేదాన్ని క్రియారూపాలలోనే భద్రపరచింది. అక్కడ తగ్గించుకొనడం ఆత్మార్థకం, హెచ్చింపబడడం కర్మణి. తగ్గేవాడు తానే తగ్గుతాడు, హెచ్చించేది మరొకరు. పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టి, 1833లో బాప్తిస్మం పొంది, తెలుగు క్రైస్తవ కీర్తనలకు పాదులు తీసిన పురుషోత్తమ చౌదరి (1803–1890) బ్రాహ్మణ్యం ఇచ్చిన సామాజిక స్థానాన్ని వదులుకొన్నవాడు. ఆయన విషయంలో తగ్గించుకొనడం అనే ఆత్మార్థక క్రియ చక్కగా అన్వయిస్తుంది. ఆయన బోధ విన్నవారిలో పుట్టుకతోనే తగ్గింపబడి ఉన్నవారికి అదే వాక్యంలో రెండవ సగం, హెచ్చింపబడడం, ముందుగా వినిపించి ఉంటే అది వారి తప్పు కాదు. ఒకే శాస్త్రవాక్యం శ్రోత నిలిచిన చోటును బట్టి కొందరికి వినయబోధ, మరికొందరికి మహత్త్వ వాగ్దానం. వైరుధ్యం అని తోచేదానిలో కొంతభాగం ఇద్దరు శ్రోతలకు వేర్వేరుగా ఉద్దేశించిన మాటలను ఒకే శ్రోతకు ఆపాదించడం వల్ల పుట్టింది.

మధ్యమ పురుషలో ఆజ్ఞాపించే వినయం ఎక్కడికి దారితీస్తుందో చెప్పడానికి శ్రీకాకుళం జిల్లాకే చెందిన కాళీపట్నం రామారావు (1924–2021) కథ ‘యజ్ఞం’ కంటే స్పష్టమైన సాక్ష్యం లేదు. ‘యజ్ఞంతో తొమ్మిది’ సంపుటికి 1995లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆ కథను ఆర్థిక సంబంధాల కథగా విమర్శకులు విస్తారంగా చర్చించారు. దానిని ధర్మవాక్కుల కథగా కూడా చదవవచ్చు. సుందరపాలెంలో అప్పల్రాముడి బాకీ తగువు పంచాయితీకి వస్తుంది. పెద్దమనిషి శ్రీరాములునాయుడు దుర్మార్గుడు కాడు. ఊరికి మేలు చేసినవాడు, ధర్మం తప్పనివాడని పేరున్నవాడు. తీసుకొన్న అప్పు తీర్చడం ధర్మమని అతడు చెప్పిన మాటలో తప్పు పట్టడం కష్టం. అప్పల్రాముడు చివరకు తలవంచుతాడు, భూమి వదులుకోవడానికి ఒప్పుకొంటాడు. పెద్దల మాటకు విలువ ఇచ్చే వినయం అతనిలో నిజంగానే ఉంది. ఆ వినయాన్ని పంచాయితీ వాడుకొన్నది. రేపు ఆ భూమి లేని కుటుంబంలో కొడుకు బానిసగా పెరగరాదని అతని కొడుకు సీతారాముడు తన పసిబిడ్డను చంపి తెచ్చి సభలో పడవేస్తాడు.

బలి తన తల ఇచ్చాడు. అప్పల్రాముడి చేత అతని భూమిని ఇప్పించారు. రెండూ దానాలవలెనే, రెండూ తలవంచడంవలెనే కనిపిస్తాయి. బలికి సుతలం ఇచ్చి, తలుపు దగ్గర కాపలా నిలిచినవాడు ఉన్నాడు. సుందరపాలెం సభలో ఆ స్థానం ఖాళీగా ఉంది. ధర్మం చెప్పిన పెద్దలలో ఎవరూ అప్పల్రాముడి ఇంటి ముందు కాపలాదారుగా నిలబడతామనలేదు. వాగ్దానం చేయనివారు వినయాన్ని మాత్రం అడిగారు.

ఏ కాలంలో ఎవరి చేతిలో భూమి ఉంటే ఫలం వారిదని కళింగనగరపు రాగిరేకులు చెప్పినప్పుడు ఆ ఫలం పుణ్యఫలం. వంశధార, నాగావళి నదుల మధ్య పొలాలలో అదే వాక్యాన్ని పంట అనే అర్థంలో చదువుకొన్నవారు ఎక్కువ. సీతారాముడు చదువుకొన్నది ఆ అర్థమే. అతనికి భావిరాజులెవరూ దోసిలి పట్టలేదు.